షుగర్ ఉందా? రెటీనాతో పాటు కంటి నరం గురించి కూడా అడగండి

షుగర్ ఉన్నవాళ్లు కళ్ల పరీక్షకు వెళ్తే, రెటీనా బాగుందంటే చాలు, హమ్మయ్య అనుకుని వచ్చేస్తారు. కానీ కన్ను చూసినదాన్ని మెదడుకు చేరవేసేది ఆప్టిక్ నర్వ్, అంటే కంటి నరం. అందులోని పది లక్షల పైచిలుకు పోగులు ఒకసారి చచ్చిపోతే మళ్లీ రావు. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

ముందు జన్యువుల సంగతి. ఒక పిల్లాడికి ఆరేళ్లకే షుగర్ వచ్చింది, పదకొండేళ్లు వచ్చేసరికి బోర్డు మసకగా ఉంది, రంగులు తేడాగా ఉన్నాయి అంటున్నాడనుకోండి. వెంటనే అందరూ అమ్మానాన్నల మీద పడతారు, షుగర్ సరిగ్గా చూసుకోలేదని. అది వోల్ఫ్రామ్ సిండ్రోమ్ కావచ్చు. 1938లోనే దీని గురించి రాశారు, డబ్ల్యూఎఫ్ఎస్1 అనే జన్యువు కారణమని 1998లో తేలింది. ఇందులో షుగర్ వచ్చి నరాన్ని పాడుచేయదు, ఆ ఒక్క జన్యువులోని లోపమే ఇన్సులిన్ తయారుచేసే కణాలనూ, కంటి నరాన్నీ వేర్వేరుగా దెబ్బతీస్తుంది. సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న కాపీలు కలిసినప్పుడే వస్తుంది. చాలా అరుదు, నిజమే. కానీ ఆ తల్లి ఏళ్ల తరబడి తప్పు తనదేనని కుమిలిపోకూడదు కదా, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. వినికిడి తగ్గుతున్నా, షుగర్ అదుపులో ఉండి కూడా విపరీతంగా దాహం, మూత్రం ఉన్నా జన్యు పరీక్ష గురించి అడగండి.

పెద్దవాళ్లలో కథ వేరు. పొద్దున లేచేసరికి ఒక కంట్లో కింది సగం కనపడదు, నొప్పి కూడా ఉండదు. కంటి నరం మొదలయ్యే చోట రక్తం సరిగ్గా అందక ఇలా అవుతుంది. షుగర్‌తో పాటు బీపీ, కొలెస్ట్రాల్, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఉంటే రిస్క్ పెరుగుతుంది, పుట్టుకతోనే నరం కంట్లోకి వచ్చే చోటు ఇరుకుగా ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. రాత్రి బీపీ మరీ పడిపోవడం కూడా కారణమని చాలామంది డాక్టర్ల అనుమానం, కాబట్టి బీపీ మాత్ర ఏ టైమ్‌కి వేసుకోవాలో డాక్టర్‌నే అడగండి, మీ అంతట మీరు ఆపేయకండి. షుగర్‌కీ, బరువు తగ్గడానికీ ఇచ్చే సెమాగ్లూటైడ్ అనే మందు వాడేవాళ్లలో ఈ సమస్య చాలా అరుదైన సైడ్ ఎఫెక్ట్ అని యూరప్ మందుల సంస్థ 2025లో చెప్పింది, 10,000 మందిలో ఒకరి దాకా.

ఏళ్లుగా ఎక్కువగా ఉన్న షుగర్‌ని ఉన్నట్టుండి బాగా దించినా కొందరికి నరం వాస్తుంది. చాలావరకు నెలల్లో తగ్గిపోతుంది. అయినా కళ్లు చూపించుకున్నాకే షుగర్ దించే వేగం పెంచడం మంచిదని నా అభిప్రాయం.

అందరూ మర్చిపోయేది విటమిన్ బీ12. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది తగ్గొచ్చు, బాగా తగ్గితే రెండు కళ్లలోనూ చూపు మెల్లగా మసకబారి రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి. మామూలు రక్తపరీక్షతోనే తెలుస్తుంది, తొందరగా పట్టుకుంటే చూపు చాలావరకు తిరిగి వస్తుంది. మెట్‌ఫార్మిన్ వాడుతూ ఇప్పటిదాకా బీ12 చేయించకపోతే, ఈసారి షుగర్ టెస్ట్‌తో పాటే రాయించుకోండి.