సమ్మె పోయి రాత్రి బడి వచ్చింది: 1965 టీచ్-ఇన్ ఎలా నడిచిందంటే

[తెర మీద: వియత్నాం పటం, 1965 మార్చి క్యాలెండర్]

వాయిస్: 1965 మార్చి 2. ఉత్తర వియత్నాం మీద అమెరికా వరుస బాంబు దాడులు మొదలుపెట్టింది. 8వ తేదీన అమెరికా మెరైన్ సైనికులు దక్షిణ వియత్నాంలోని దనాంగ్‌లో దిగారు. అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో కొందరు అధ్యాపకులు నిరసనగా ఒకరోజు క్లాసులు బంద్ చేస్తామన్నారు.

చిక్కు అక్కడే వచ్చింది. మిషిగన్ రాష్ట్ర గవర్నర్ జార్జ్ రామ్నీ తప్పుపట్టాడు, శాసనసభ్యులు మండిపడ్డారు. యుద్ధం మాట పక్కకు పోయి, జీతం తీసుకుంటూ పాఠం ఎగ్గొట్టొచ్చా అన్నదే రచ్చయింది.

ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) ప్రొఫెసర్ మార్షల్ సాలిన్స్ విరుగుడు చెప్పాడు. పాఠాలు ఆపడం కాదు, రాత్రంతా యుద్ధం గురించి చెబుదామని. దీనికే టీచ్-ఇన్ అని పేరు. పగటి క్లాసులు ఎప్పట్లాగే నడుస్తాయి కాబట్టి వేలెత్తి చూపడానికి ఏమీ మిగల్లేదు. ఎత్తుగడ అంటే ఇదీ.

[మిషిగన్ యూనివర్సిటీ ఏంజెల్ హాల్ ఫొటో, మూలన గడియారం: 8:00]

వాయిస్: మార్చి 24 రాత్రి 8 నుంచి మర్నాడు పొద్దున 8 దాకా. అర్ధరాత్రి వరకు హాళ్లలో ఉపన్యాసాలు. తర్వాత ఆరుబయట సభ. అక్కణ్నుంచి తెల్లవార్లూ చిన్న గదుల్లో చర్చలు. ఈ వరస గమనించండి: నిద్ర ముంచుకొచ్చే వేళకు వినే పని అయిపోయి, వాదించే పని మొదలవుతుంది.

ఆడపిల్లల హాస్టళ్లకు అప్పట్లో రాత్రి గేటు వేసే వేళ ఉండేది. ఆ రాత్రికి సడలించారు. లేకుంటే అమ్మాయిలు మధ్యలోనే లేచి వెళ్లాల్సి వచ్చేది.

వచ్చినవాళ్లు దాదాపు 3 వేలు. బాంబు బెదిరింపు రావడంతో హాలు ఖాళీ చేయించారు. జనం చలిలో బయట నిలబడి, మళ్లీ లోపలికి వచ్చారు.

[పటం మీద ఒక్కొక్కటిగా వెలిగే చుక్కలు]

వాయిస్: రెండు రోజులకే కొలంబియా యూనివర్సిటీలో, మేలో బర్క్‌లీ యూనివర్సిటీలో టీచ్-ఇన్ జరిగింది. కానీ పద్ధతిలో ఒక లోపం ఉంది. మాట్లాడేవాళ్లు ఎక్కువగా యుద్ధ వ్యతిరేకులే కావడంతో, ఏకపక్షమన్న విమర్శ వచ్చింది. అందుకే మే 15న వాషింగ్టన్ టీచ్-ఇన్‌కు జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీని పిలిచారు. వస్తానన్నాడు, రాలేదు. అధ్యక్షుడు జాన్సన్ ఆయన్ని డొమినికన్ రిపబ్లిక్ పంపేశాడు. చివరికి జూన్ 21న సీబీఎస్ టీవీలో, యుద్ధాన్ని విమర్శించే ప్రొఫెసర్ హాన్స్ మోర్గెంథౌ ఎదుట బండీ కూర్చుని జవాబు చెప్పుకున్నాడు.

బాంబులు మాత్రం ఆగలేదు. ఆ ఏడాది ఆఖరుకు వియత్నాంలో అమెరికా సైనికులు దాదాపు 1,84,000 మంది.