కవర్లో చచ్చిన జీరంగి

(రాయగడలో పిల్లల వేసవి శిబిరం ముగింపు రోజున చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకటి నుంచి మూడుసార్లు చదివారు, నాలుగోసారి నేను చదవను. ఏమీ అనుకోకండి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు.

నన్ను పిలిచింది బహుమతులిచ్చి రెండు మాటలు చెప్పమని. పిల్లలు చేసిన గ్రీటింగ్ కార్డులు ఆ వెనక టేబుల్ మీద ఉన్నాయి, చూసే ఉంటారు. అన్నిటి మీదా మడిచిన కాగితం పురుగులే. సీతాకోకచిలుకలు, తూనీగలు, మిడతలు, ఒక పేడపురుగు కూడా ఉంది. నేను చూస్తుంటే పక్కనే ఒక తల్లిగారు, "పండక్కి పంపే కార్డు మీద పురుగులేంటండీ, పువ్వులుండాలి గానీ" అన్నారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు మైకు దొరికింది.

అమ్మా, ఆరుద్ర కార్తెలో మన రైతు నేల మీద దేన్ని చూసి సంతోషిస్తాడు? ఎర్ర మఖమలు ముక్కలా పాకే ఆరుద్ర పురుగుని కదా. అది కనపడిందంటే వాన పడినట్టే. అంతకన్నా శుభాకాంక్ష ఏముంటుంది? అన్నట్టు, ఆ ఆరుద్ర పురుగు చేసిన పాప ఎవరు? నువ్వేనా? చాలా బాగుందమ్మా. కానీ ఆరు కాళ్ళే పెట్టావు. దానికి ఎనిమిది. పేరుకి పురుగే గానీ అది సాలీడుకి చుట్టం. ఇంకో రెండు అతికించెయ్యి, బహుమతి నీదే.

సరే, అసలు నేను చెప్పాలనుకున్నది కాగితం సంగతి. ముప్పయ్యేళ్ళు కాగితం కోసిన చేతులివి. పక్కనే జేకేపూర్‌లో 1962 నుంచి మిల్లు ఉన్నా, కాగితానికి ఒక దిక్కు ఉంటుందని మన ఊళ్ళో ఎంతమందికి తెలుసు? మెషీన్ మీద గుజ్జు ఎటు పరిగెడితే, అందులో నార ఎక్కువగా అటే తిరిగి పడుకుంటుంది. దాన్నే గ్రెయిన్ అంటాం. ఆ వాలున మడిస్తే మడత శుభ్రంగా వస్తుంది. అడ్డంగా మడిస్తే మందపాటి అట్ట మడత దగ్గర పగులుతుంది. టేబుల్ మీద సగం కార్డులకి వీపు పగిలింది అందుకే. చిన్న ముక్క చింపి ఒకవైపు తడి చెయ్యండి, చుట్ట చుట్టుకుంటుంది. ఆ చుట్ట ఎటు పొడుగ్గా ఉంటే గ్రెయిన్ అటు. కార్డు మడత దానికి సమాంతరంగా రావాలి. మడిచే ముందు స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో ఒక గీత నొక్కండి. అంతే.

పురుగులో అసలు చిక్కు కాళ్ళతోనే. చదరపు కాగితానికి మూలలు నాలుగు, పురుగుకి కాళ్ళు ఆరు, పైన రెండు మీసాలు. రాబర్ట్ లాంగ్ అని అమెరికాలో ఒక భౌతికశాస్త్రవేత్త, 2001లో ఉద్యోగం మానేసి ఈ మడతల పనే పెట్టుకున్నాడు. ఆయన లెక్క వినండి. కాలు ఎంత పొడుగు కావాలో అంత వ్యాసార్ధంతో వృత్తం గీయాలి. కాలు మూల నుంచి వస్తే పావు వృత్తం కాగితం చాలు. అంచు నుంచి వస్తే అర. నడిమధ్య నుంచి లాగాలంటే వృత్తం మొత్తం ఖర్చు. అందుకని ప్రతి కాలికీ బోలెడు కాగితం లోపలికి పోతుంది, మడత మీద మడత పడి పురుగు లావెక్కుతుంది. లావెక్కిన పురుగు కవర్లో పట్టదు.

కాబట్టి కార్డు మీదకి కాళ్ళు మడవకండి. నల్లదారం అతికించండి, తప్పు లేదు. జపాన్ పిల్లలు మడిచే కీచురాయి ఒకటి ఉంది, బల్లపరుపుగా వస్తుంది. చదరాన్ని మూల నుంచి మూలకి మడిస్తే త్రికోణం. కింది రెండు మూలల్నీ పై కొనకి చేర్చండి. మళ్ళీ వాటిని కాస్త బయటికి వాలేలా దించండి, రెక్కలొచ్చాయి. పైన మిగిలిన రెండు పొరల్లో ముందుది కిందికి, రెండోది దానికి కొంచెం పైన ఆగేలా కిందికి. పక్కల్ని వెనక్కి తిప్పెయ్యండి. పచ్చగా మెరిసే చాక్లెట్ కాగితంతో చేస్తే అచ్చం జీరంగిలా ఉంటుంది.

జీరంగి అంటే గుర్తొచ్చింది. అబద్ధం ఎందుకు, ఇది చెప్పడానికే వచ్చాను.

చిన్నప్పుడు నేనొక జీరంగిని అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపేవాణ్ణి. మా అప్ప, అదే మా అక్క, చూస్తానని మూత తీసింది, అది తుర్రుమంది. రెండ్రోజులు అప్పతో మాట్లాడలేదు. రిటైరయ్యాక ఒక సంక్రాంతికి జీరంగి కార్డు చేసి పార్వతీపురంలో ఉన్న అప్పకి పోస్టు చేశాను. రైలెక్కితే చేత్తో ఇచ్చి రావచ్చు. కానీ కార్డు పోస్టులో వెళ్ళాలని నా సరదా. లోపల ఒకే వాక్యం రాశాను: "అప్పా, ఈసారి మూత నువ్వు తియ్యకు." కవరు మీద "ముద్ర నెమ్మదిగా వెయ్యగలరు" అని ఎర్ర ఇంకుతో రాశాను. ఏ పోస్టాఫీసో చెప్పను గానీ, సరిగ్గా ఆ అక్షరాల మీదే గుద్దారు. కింద జీరంగి ఉంది.

అప్ప కవరు చింపితే, చితికిన పచ్చ రెక్కలు, ఊడిన నల్ల కాళ్ళు ఒళ్ళో పడ్డాయట. కెవ్వుమని కవరు వీధిలోకి విసిరేసింది. తర్వాత కోడలు తెచ్చి చూపిస్తే కాళ్ళు దారాలని తెలిసింది. అప్పుడు లోపలి వాక్యం చదివింది. సాయంత్రం ఫోను. "ఒరే, నీ జీరంగి చచ్చే వచ్చిందిరా. ఈసారి మూత నేను తియ్యలేదు, పోస్టువాళ్ళు తీశారు" అని నవ్వు. నవ్వి నవ్వి దగ్గొచ్చి ఫోను కోడలికి ఇచ్చేసింది.

అప్పటి నుంచి స్టాంపు కుడివైపు పైన కాబట్టి పురుగుని ఎడమవైపు కింద పెడుతున్నాను. చుట్టూ కిటికీలా కోసిన అట్టముక్క ఒకటి అడ్డం వేస్తాను. మీరూ వెయ్యండి.

ఇప్పుడు ఇంకో మాట, ఎవరికీ కోపం రాకూడదు. ఇందాక ఆ కార్డులన్నీ విప్పి చూశాను. ఇరవై ఆరు కార్డులు. పైన ఇరవై ఆరు రకాల పురుగులు. లోపల మాత్రం ఇరవై ఆరిట్లోనూ ఒకటే ఇంగ్లీషు వాక్యం, బోర్డు మీంచి ఎక్కించింది. బడిలో మీరు ఒడియా, ఇంగ్లీషు రాస్తారు, తెలుసు. 1936లో ఈ కోరాపుట్ సీమ మద్రాసు నుంచి ఒడిశాలో కలిసింది, ఒడియా రావాల్సిందే, బాగా రావాలి. కానీ ఈ కార్డు మీ అమ్మమ్మకి కదా వెళ్ళేది! ఆవిడతో ఇంట్లో ఏ భాషలో పోట్లాడతారో అందులో రాయండి. గుణింతం తప్పినా పరవాలేదు. మీ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ అర్థం కాని మాట ఒక్కటి రాయండి. ఆవిడ పెరట్లో మీరు దొంగిలించిన జామకాయ గురించి రాయండి, ఆవిడ కొట్టిన దెబ్బ గురించి రాయండి.

లేదు, ఇంటికెళ్ళాక కాదు. ఇంటికెళ్తే రాయరు. కార్యదర్శిగారూ, బహుమతులు పావుగంట ఆపుదామా? తల్లులూ, మీరు లేవకండి, చెప్పి రాయించకండి. ఆ చివర డబ్బాలో పెన్నులున్నాయి, తలా ఒకటి తీసుకోండి. ఆరుద్ర పురుగు పాపా, నువ్వు కూడా. కాళ్ళు తర్వాత అతికించుకుందువు గానీ. మైకు ఆపండి బాబూ, రాసుకోనివ్వండి.