హైదరాబాదులో ట్యులిప్ గడ్డకు పెట్టే ప్రతి రూపాయీ దండగే!

నమస్కారం. అసలు మాట ముందే చెబుతున్నాను. హైదరాబాదులో కొత్త సంవత్సర కానుకగా ఎవరికైనా ట్యులిప్ గడ్డ ఇవ్వడమంటే, పెళ్లికి వెళ్లి ఖాళీ కవరు చదివించి రావడమే.

"ఇరవై రోజుల్లో మీ ఇంట్లోనే ట్యులిప్ పూలు, అతి చవకైన కానుక" అంటూ ఊరంతా తిరుగుతున్న వీడియోలను మీరు చూసే ఉంటారు. వాటిని నమ్మి నిరుడు నేను కూడా ఆరు వందల రూపాయలు పోసి పది గడ్డలు తెప్పించుకున్నాను. పూసినవి ఎన్నో తెలుసా? సున్నా.

ఎందుకు పూయలేదో కళ్లారా చూపిస్తాను. ఈ గడ్డను కత్తితో నిలువుగా కోస్తున్నాను, చూడండి. ఉల్లిగడ్డలాగే పొర మీద పొర ఉంది. నట్టనడుమ, వడ్లగింజను మించని లేతపసుపు మొగ్గ అప్పుడే తయారై కూర్చుంది. పువ్వు పుట్టే ఉంది, కానీ దానిని మోసే కాడ సాగాలంటే ఈ గడ్డ 12 నుంచి 16 వారాలపాటు, ఇంచుమించు 9 డిగ్రీలకు లోపు చలిలో ఎడతెగకుండా ఉండాలి. మన డిసెంబరు రాత్రులు సగటున 14, 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి, పగళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. శ్రీనగర్‌లో దాల్ సరస్సు దగ్గరి ట్యులిప్ తోటలో అవి విరగబూస్తున్నాయంటే, ఆ పని అక్కడి చలికాలం ఉచితంగా చేసిపెడుతోంది. ఇక్కడ ఆ పనికి ఫ్రిజ్ కరెంటు బిల్లు కట్టవలసింది మీరే.

ఫ్రిజ్‌లో పెడితే సరిపోదా అంటారా? పెట్టాను, మూడు నెలలు పెట్టాను! పక్క అరలో ఆపిల్ పండ్లు, మాగిన సీతాఫలాలు ఉన్నాయి. పండే పండు విడిచే ఇథిలీన్ వాయువు గడ్డలోని మొగ్గను చంపేస్తుందని ఆ వీడియోలలో ఒక్కరైనా చెప్పారా? నాటిన తరువాత ఆకులు వచ్చాయి. మొగ్గ మాత్రం ఉల్లిపొరలా ఎండి, ముట్టుకుంటే రాలిపోయింది.

ఇంతకూ ఈ ట్యులిప్ పిచ్చి మనకు ఎక్కడిది? నా సిద్ధాంతం ఒకటుంది, నవ్వినా ఫరవాలేదు. హీరో హీరోయిన్లు డచ్ తోటల్లో పరుగెత్తే పాటలను చూసీ చూసీ, మన పెరట్లో నోరు తెరిచి పూసే ఎర్రటి పువ్వును మనం చూడడమే మానేశాం.

ఆ పువ్వు హిప్పియాస్ట్రమ్, నర్సరీలలో అందరూ అమరిల్లిస్ అనేది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్కకు చలితో పనిలేదు, 20 డిగ్రీలు దాటిన మన ఇంటి వెచ్చదనమే దానికి ఇష్టం. (గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లి దీన్ని లిల్లీ అని అడగకండి, నేలసంపెంగ తూచి ఇస్తారు.) నాలుగేసి ఆకులకు ఒక పూగుత్తి చొప్పున గడ్డ తన లోపలే సిద్ధం చేసుకుంటుంది కాబట్టి, నిరుడు ఆకులు బాగా పెరిగిన గడ్డను ఎంచుకుంటే సగం పని అయినట్లే. మా పిన్ని పెరట్లో అటువంటివి గుంపులుగా ఉన్నాయి, అడిగితే ఊరికే ఇచ్చింది. బత్తాయి అంత గడ్డనే తీసుకోండి; చుట్టూ ఉండే పిల్లగడ్డలు పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది.

వినాయక చవితి నాడు ఆ గడ్డలున్న కుండీలను చూరు కిందికి జరిపి, వాటికి విశ్రాంతి దొరికేలా నీరు ఆపేశాను. పది వారాల తరువాత, గడ్డ కంటే రెండు వేళ్లు మాత్రమే వెడల్పున్న నలభై రూపాయల మట్టికుండీలో, మూడో వంతు గడ్డ పైకి కనిపించేలా నాటి, ఒక్కసారి తడిపాను. మొలక ముక్కు కనిపించేవరకు మళ్లీ నీరు పోయకూడదు, ఎందుకంటే ఈ గడ్డను చంపేది ఎక్కువగా మన ప్రేమే. నాటిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పూస్తుంది. కిటికీ వైపు వాలుతుంటే కుండీని రెండు రోజులకోసారి తిప్పుతూ ఉండండి.

పువ్వు విచ్చాక ఇవ్వకండి, కాడ జానెడు లేవగానే ఇచ్చేయండి. అది పొడవు సాగడం, కొసన మొగ్గ పగలడం, మూడు నాలుగు పూలు నాలుగు దిక్కులకు తిరగడం పుచ్చుకున్నవారి ఇంట్లోనే జరగాలి. దుకాణంలో కొన్న పూలగుత్తికి ఈ భోగం ఉందా?

నీరు ఆపడం నవంబరు మధ్యలో మొదలుపెట్టేవారికి జనవరి పూలు అందవు. పది వారాలు ఎండబెట్టి జనవరి చివర నాటితే ఉగాదికి అందుతాయి. కుండీకి ఒక చీటీ కట్టి, దాని మీద ఈ మాట మాత్రం పెద్ద అక్షరాలతో రాయండి: "ఇది కూరకు కాదు." ఆ గడ్డ కడుపులోకి వెళితే వాంతులు పట్టుకుంటాయి. మా పిన్ని ఇచ్చిన గడ్డలలో ఒకటి ఇప్పటికే మా వంటింటి ఉల్లిగడ్డల బుట్టలో దొరికింది.