ఆరో తరగతికి ముందే వేసుకోవాల్సిన లెక్క

అందరికీ నమస్కారం. పిల్లల్ని సర్కారు బడిలోనే ఉంచాలా, చిన్న ప్రైవేటు హైస్కూలుకి మార్చాలా అన్న విషయం మీద మాట్లాడమని మన తెలుగు సంఘం వాళ్లు పిలిచారు. నన్నే ఎందుకు పిలిచారో తెలుసు. నేను ఉద్యోగమంతా చెన్నై కార్పొరేషన్ స్కూళ్లలో లెక్కలు చెప్పాను. నా కూతుర్ని మాత్రం ఆరో తరగతిలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో చేర్చాను. స్టాఫ్‌రూములో దీని మీద నన్ను ఆటపట్టించని వాళ్లు లేరు. "టీచరమ్మ చేతివంట ఇంట్లోవాళ్లే తినరట" అనేవారు. అననివ్వండి. అప్పట్లో ఈ నిర్ణయం ఇంత చిక్కుగా లేదు. ఇప్పుడు మీకు ఉంది, అందుకే వచ్చాను.

ముందు ఒక మాట. సర్కారు బడి మనది కాదు, గతిలేనివాళ్లది అనుకునే తెలుగువాళ్లు ఈ ఊళ్లో ఎక్కువయ్యారు. 1920లో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకి మధ్యాహ్నం టిఫిన్ పెట్టించింది అప్పటి కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టిగారు. మన తెలుగాయనే. టీ.నగర్‌కి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. ఏటా దీపావళి బట్టలు అక్కడే కొంటాం, ఆయనెవరో మాత్రం మన పిల్లలకి చెప్పం.

మరి నేనెందుకు మార్చాను? ఇంగ్లీషు కోసం కాదు. ఇంగ్లీషు మీడియం సెక్షన్లు ఇప్పుడు సర్కారు బళ్లలోనూ ఉన్నాయి. టై, బెల్టు కోసం అసలే కాదు. మా అమ్మాయి నోరు విప్పే పిల్ల కాదు. యాభై మందికి పైగా ఉన్న క్లాసులో అలాంటి పిల్ల వెనక బెంచీలో కూర్చుంటే ఏడాదంతా ఎవరి కంటా పడదు. ఆ క్లాసుల్లో బోర్డు ముందు నిలబడినదాన్ని నేను, నాకు తెలుసు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 వరకు 35 మందికి ఒక టీచరు ఉండాలంటుంది. 9, 10 తరగతులు ఆ చట్టం పరిధిలోకే రావు. మా అమ్మాయిని చేర్చిన చోట క్లాసులో పాతిక మంది లోపే. కొన్ని వారాలకే అక్కడి లెక్కల టీచరు నన్ను పిలిపించి, "మీ పాపకి కూడికలు, తీసివేతలు బాగానే వచ్చండీ, ప్రశ్నని వాక్యంగా ఇస్తేనే తడబడుతోంది, చదవడం దగ్గర ఏదో ఇబ్బంది ఉంది" అన్నారు. చిన్న బడి అమ్మాల్సిన సరుకు ఇదే. ఇది లేకపోతే మీరు కట్టేది గేటుకీ, రంగులకీ.

ఇప్పుడు మీరు వదులుకునేదేమిటో చూడండి. 2020లో తమిళనాడు ప్రభుత్వం రాష్ట్ర కోటా మెడికల్ సీట్లలో 7.5 శాతం సర్కారు బడి పిల్లలకి కేటాయిస్తూ చట్టం చేసింది. 2021లో ఇంజినీరింగు లాంటి వృత్తి కోర్సులకీ అదే ఇచ్చింది. వాళ్ల కాలేజీ ఫీజు కూడా ప్రభుత్వమే కడుతుంది. 2022లో పుదుమై పెణ్ పథకం వచ్చింది. కాలేజీలో చేరిన ఆడపిల్లకి నెలకి 1,000 రూపాయలు. 2024లో మగపిల్లలకి తమిళ్ పుదల్వన్, అదీ 1,000. వీటన్నిటికీ ప్రధానమైన షరతు ఒకటే. 6 నుంచి 12 దాకా సర్కారు బడిలో చదివి ఉండాలి. నెలకి వెయ్యి ఇచ్చే పథకాల్లో ఎయిడెడ్ స్కూళ్ల, అంటే సర్కారు గ్రాంటుతో నడిచే ప్రైవేటు బళ్ల, తమిళ మీడియం పిల్లల్నీ చేర్చారు. ప్రైవేటు మెట్రిక్ స్కూలు పిల్లలకి ఇవేవీ లేవు. "పదో తరగతి దాకా ప్రైవేటు, తర్వాత ప్లస్ వన్‌కి, అంటే పదకొండో తరగతికి, సర్కారు బడి" అని తెలివిగా ప్లాన్ వేసేవాళ్లుంటారు. ఆ ప్లానుతో ఈ లాభాలు రావు. పిల్లకి డాక్టరీ మీద ఆశ ఉండి, నీట్‌కి శ్రద్ధగా చదివే రకమైతే, ఆరో తరగతికి టీసీ తీసుకునే ముందు ఇంట్లో కూర్చుని రెండుసార్లు మాట్లాడుకోండి.

ఇక చిన్న ప్రైవేటు బడి సంగతి. ఇక్కడ బడి అంటే కరస్పాండెంట్, అంటే బడి నడిపే యజమాని. ఆయన, లేదా ఆవిడ, మంచివాళ్లయితే బడి మంచిది. సర్కారు బడిలో హెడ్‌మాస్టర్ మీద కోపమొస్తే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంది. చట్టప్రకారం అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే, మొత్తంలో సగం ఆడవాళ్లు. మీరు సభ్యులు కావచ్చు, నిలదీయవచ్చు. ప్రైవేటు బడిలో మీరు ఫీజు కట్టే మనిషి, అంతే. కరస్పాండెంట్‌కి వయసు మీదపడితే తర్వాత ఎవరు చూస్తారు, కొడుకు అమెరికాలో ఉంటే ఆ స్థలం ఏమవుతుంది? అడగడానికి మొహమాటంగా ఉంటుంది. అయినా అడగండి. వాళ్లకి కోపమొస్తే అదే జవాబు.

వంద శాతం రిజల్ట్ అని ఫ్లెక్సీ కడతారు. తొమ్మిదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో పదో తరగతి పరీక్ష రాసిందెంతమంది అని అడగండి. రెండు అంకెలకీ మధ్య పెద్ద తేడా ఉందంటే, బలహీనంగా ఉన్న పిల్లల్ని ముందే సాగనంపారని అర్థం. ఏ రిజల్ట్ షీటూ ఈ సంగతి చెప్పదు. అలాగే పోయినేడు లెక్కలు చెప్పిన టీచరే ఈ ఏడూ ఉన్నారా? జీతాలు సరిగా ఇవ్వని చోట టీచర్లు జూన్‌కొకరు మారతారు. ఫీజు విషయంలో 2009 చట్టం కింద ఒక కమిటీ ఉంది. ఏ స్కూలు ఎంత వసూలు చేయాలో అదే నిర్ణయిస్తుంది. ఆ ఆర్డరు చూపించమనండి.

బిల్డింగు విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మకండి. 2004 జూలై 16న కుంభకోణంలో ఇరుకు భవనంలో నడిచిన బడిలో మంటలు లేచి 94 మంది పిల్లలు చనిపోయారు. మంట వంటగదిలో మొదలై ఆకుల కప్పున్న తరగతి గదులకి పాకింది. ఫైర్ సర్టిఫికెట్టు, భవనం గట్టిదనానికి ఇంజినీరిచ్చే సర్టిఫికెట్టు, లైసెన్సు, పారిశుద్ధ్యం కాగితం, నాలుగూ ఉన్నాయా అని చూడండి. తారీఖులూ చూడండి. మెట్లు ఎక్కి దిగండి. రెండో దారి ఉందా, దానికి తాళం ఉందా?

తెలుగు గురించి కొందరు అడిగారు. ప్రైవేటు బడికి వెళితే తమిళం తప్పించుకోవచ్చనుకుంటే అది జరగదు. 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున ముందుకొచ్చి, 2016కి పది దాకా చేరింది. భాషా మైనారిటీ పిల్లలకి పదో తరగతిలో కోర్టులు మినహాయింపులు ఇచ్చాయి, కానీ వాటినే నమ్ముకుని బడిని ఎంచుకోలేం. ఈ ఊళ్లో బతకాల్సిన పిల్లలకి తమిళం రావడం మంచిదే అని నా అభిప్రాయం. దానితోపాటు తెలుగు చెప్పడానికి ఒక టీచరు ఉన్నారా అన్నదే మీరు అడగాల్సింది. చాలా చోట్ల ఉండరు.

చివరగా టీసీ. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపడం, దాని మీద బాకీ అని రాయడం తగదని, టీసీ ఫీజు వసూలుకి పనిముట్టు కాదని 2024లో మద్రాసు హైకోర్టు చెప్పింది. నచ్చకపోతే మధ్యలోనైనా వెనక్కి రావచ్చు, సర్కారు బడి చేర్చుకుంటుంది. కాకపోతే ఆరు నుంచి లెక్కపెట్టే ఆ 7.5 శాతం మాత్రం తిరిగి రాదు. ప్రశ్నలుంటే అడగండి. ఆ మైకు వెనకాల కూర్చున్న ఆ అమ్మకి ముందు ఇవ్వండయ్యా, ఇందాకటి నుంచీ చెయ్యెత్తే ఉన్నారు.