సాకెట్ సరిపోతే సరిపోదు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ ఈ చెన్నై ఎండలో, టీ నగర్ దాకా వచ్చి కంప్యూటర్ గురించి వినడానికి కూర్చున్నారంటే మీ ఇళ్లలో పాత డెస్క్‌టాప్‌లు బాగానే మూలుగుతున్నాయన్నమాట. నేను రిపేర్లు చేసేవాణ్ణి, ఉపన్యాసాలు నాకు రావు. నేరుగా విషయానికి వస్తాను.

ఈమధ్య నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే రకం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. సరే, విండోస్ 11 వేద్దామంటే మీ ప్రాసెసర్ పనికిరాదంటుంది. స్థూలంగా చెప్పాలంటే ఇంటెల్‌లో 8వ తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి మాత్రమే దానికి సమ్మతం. దాంతో మనవాళ్లు మౌంట్ రోడ్ దిగి, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లోకి వెళ్లి, "మంచి ప్రాసెసర్ ఏదైనా ఉందా" అని అడుగుతున్నారు. ఉంటుంది, ఎందుకుండదు? కానీ ఇంట్లో ఉన్న మదర్‌బోర్డు, అంటే ప్రాసెసర్ కూర్చునే ఆ పెద్ద బోర్డు, ఏదో తెలియకుండా అక్కడ ఏది కొన్నా లాటరీయే.

మా వీధిలో ఒకబ్బాయి ఉన్నాడు. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి దగ్గరున్నది 7వ తరం ప్రాసెసర్ ఐ5 7400, బీ250 బోర్డు. సెకండ్స్‌లో 8వ తరం ఐ5 8400 కొనుక్కొచ్చి బిగించాడు. చక్కగా కూర్చుంది. లివర్ పడింది. ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే మాత్రం రాదు. "అన్నా, రెండిటి మీదా 1151 అనే ఉంది కదా, ప్రాసెసర్ చచ్చిందా?" అని పట్టుకొచ్చాడు. ప్రాసెసర్ బంగారంలా ఉంది. 1151 అన్నది బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు, అదే సాకెట్, పేరు. 2015లో 6వ తరంతో వచ్చిన 1151 వేరు, 2017 చివర్లో 8వ తరంతో వచ్చిన 1151 వేరు. పిన్నుల సంఖ్య ఒకటే, కానీ ఏ పిన్ను ఏ పని చేయాలన్నది మార్చేశారు. కోర్లు పెరిగాయి, కరెంటు ఎక్కువ కావాలి, అందుకని మార్చామన్నది ఇంటెల్ మాట. చిప్‌సెట్ అంటే బోర్డుని నడిపే చిప్, బీ250 అన్నది దాని పేరే. 100, 200 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల్లో 8వ తరం నడవదు. అమ్మినాయన అబద్ధమేమీ చెప్పలేదు, "1151కి పడుతుంది" అన్నాడు. పడింది కూడా.

అలాంటి బోర్డు ఉన్నవాళ్లకి నా సలహా ఒకటే. ఐ7 7700 కోసం వెతకొద్దు. ఆ బోర్డు మీద ఎక్కే పెద్ద ప్రాసెసర్లలో అదొకటి కాబట్టి సెకండ్స్‌లో దానికింకా గిరాకీ ఉంది, ధర చెబితే నాకే నవ్వొస్తుంది. పోనీ అంత పెట్టి కొన్నా అది 7వ తరమే, విండోస్ 11 జాబితాలో లేదు. బోర్డు, ప్రాసెసర్ కలిపే మార్చండి.

మీ బోర్డు ఏదో తెలుసుకోవడానికి క్యాబినెట్ విప్పక్కర్లేదు. విండోస్ గుర్తున్న కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్ఇన్ఫో32 అని కొట్టండి, బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అని ఒక లైను కనిపిస్తుంది. లేదంటే సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే అన్నీ చెబుతుంది. ఆ పేరు పట్టుకుని బోర్డు కంపెనీ సైట్‌కి వెళ్లి సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరవండి. ఒకే పేరుతో రెండు మూడు రివిజన్లు ఉన్న బోర్డులుంటాయి, అప్పుడు మాత్రం ఒకసారి మూత తీసి బోర్డు అంచున రివిజన్ నంబర్ చూసుకోవాలి. ఆ లిస్టులో ప్రాసెసర్ పేరు దొరికిందని చాలామంది అక్కడితో మూసేస్తారు. దాని పక్క గడి కూడా చూడాలి, ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో అందులోనే రాసి ఉంటుంది. బయోస్ అంటే ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రాం. లిస్టులో లేని ప్రాసెసర్ గురించి షాపాయన ఎంత హామీ ఇచ్చినా నమ్మకండి. 10వ తరం కోసం కొన్న హెచ్410, బీ460 బోర్డులనే తీసుకోండి. సాకెట్ 1200, 11వ తరం సాకెట్ కూడా 1200. అయినా ఈ రెండు చిప్‌సెట్లకి 11వ తరం పడదు. హెచ్510, బీ560 అయితే రెండు తరాలనీ నడుపుతాయి.

ఇక ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ సంగతి. నన్నడిగితే ఇవాళ ఈ హాల్లో అందరికన్నా అదృష్టవంతులు బీ450 బోర్డు మీద పాత రైజెన్ పెట్టుకుని కూర్చున్నవాళ్లు. 2017లో మొదటి రైజెన్ వచ్చింది ఆ సాకెట్ మీదే, 2022 ఏప్రిల్‌లో రైజెన్ 7 5800ఎక్స్3డీ వచ్చిందీ దాని మీదే. ఐదేళ్లు ఒకే సాకెట్. అలాగని సాఫీగా జరగలేదు. 5000 సిరీస్ ప్రాసెసర్లు బీ550, ఎక్స్570 బోర్డులకే అని 2020లో ఏఎండీ ప్రకటించింది. జనం గోలగోల చేశారు. అప్పుడు దిగొచ్చి బీ450, ఎక్స్470లకి కూడా సరేనంది. 2022లో 300 సిరీస్ బోర్డులకీ దారి తెరిచింది.

దీని వెనక ఒక చిన్న చిప్ ఉంది. బయోస్ కాపురముండేది అందులోనే. ఆ కాలపు ఏఎం4 బోర్డుల్లో చాలావాటికి అది 16 ఎంబీ. మీ ఫోన్‌లో నాలుగైదు ఫొటోలంత. ప్రతి కొత్త ప్రాసెసర్‌కీ కావలసిన కోడ్ అందులోనే ఇమడాలి. చోటు చాలక కొన్ని కంపెనీలు రంగురంగుల బయోస్ మెనూ తీసేసి సాదాది పెట్టాయి, కొన్ని అన్నిటికన్నా పాత ప్రాసెసర్లని జాబితాలోంచి తప్పించాయి. అందుకే కొత్త బయోస్ వేశాక కొన్ని బోర్డుల్లో పాత ప్రాసెసర్ లేవకపోవచ్చు. బయోస్ పేజీలో ఫైలు కింద చిన్న అక్షరాలతో ఈ హెచ్చరిక రాసి ఉంటుంది. ముందు ఫలానా వెర్షన్ వేసి, ఆ తర్వాతే ఇది వేయండి అని కూడా ఒక్కోసారి ఉంటుంది. ఆ వరస తప్పకండి.

పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. కొత్తది బిగించాక డిస్‌ప్లే రాకపోతే అప్‌డేట్ ఎలా చేస్తారు? మళ్లీ విప్పాలి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య మళ్లీ పేస్ట్ రాయాలి, మళ్లీ టెన్షన్. వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డయితే అదృష్టం. కంపెనీ చెప్పిన పేరుతో ఫైలుని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, చెప్పిన పోర్టులో గుచ్చి బటన్ నొక్కితే అసలు ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ అవుతుంది. ఎలా చేసినా యూపీఎస్ మీద చేయండి. వానాకాలం ఈ ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో మీకు నేను చెప్పాలా?

లిస్టులో పేరుంది, బయోస్ కూడా వేశారు. ఇంకొక తిరకాసుంది, అది కరెంటు. ఐ5 12400 మామూలుగా 65 వాట్లు, గట్టిగా పరుగెడితే 117. ఐ9 13900కే మామూలుగా 125, పరుగెడితే 253. రెండూ 1700 సాకెట్టే, చవక హెచ్610 బోర్డు సపోర్ట్ లిస్టులో రెండూ కనిపించొచ్చు. కానీ ఆ బోర్డు మీద ప్రాసెసర్ పక్కన వరసగా ఉండే వీఆర్ఎంల వైపు చూడండి. కరెంటుని ప్రాసెసర్‌కి తగినట్టు మార్చి ఇచ్చేవి అవే. చవక బోర్డుల్లో వాటి మీద అల్యూమినియం హీట్‌సింక్ కూడా ఉండదు. 250 వాట్లు లాగితే అవి విపరీతంగా వేడెక్కుతాయి, ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఐ9కి డబ్బు పెట్టి ఐ5 పని చేయించుకున్నట్టు. పైగా మనది చెన్నై. కూలర్ ఏసీ కాదు, గదిలో ఉన్న గాలితోనే చల్లబరచాలి. కత్తిరి ఎండల్లో ఏసీ లేని గది 36 డిగ్రీలుంటే లెక్క అక్కణ్ణుంచి మొదలవుతుంది.

కూలర్ అన్నాను కాబట్టి ఇది కూడా. ఇంటెల్ 1155 నుంచి 1200 దాకా కూలర్ రంధ్రాల దూరం ఒకటే, 75 మిల్లీమీటర్లు. 1700లో అది 78. పాత కూలర్ వాడాలంటే కొత్త బ్రాకెట్ ఉందో లేదో ముందే కనుక్కోండి. అన్నట్టు, సెకండ్స్‌లో 13, 14 తరాల ఐ7, ఐ9లు చవగ్గా దొరికితే ఒక్క నిమిషం ఆగండి. ఎక్కువ వోల్టేజీ వల్ల అవి కొన్ని పాడవుతున్నాయని తేలి 2024 ఆగస్టులో ఇంటెల్ మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి కోడ్, అప్‌డేట్ ఇచ్చింది. అది ఇకముందు పాడవకుండా కాపాడుతుందే తప్ప అప్పటికే దెబ్బతిన్నదాన్ని బాగుచేయదు. ఎవరు ఎలా వాడి అమ్మారో మనకెలా తెలుస్తుంది?

ర్యామ్ గురించి రెండు ముక్కలు. 1700 బోర్డుల్లో డీడీఆర్4 రకం ర్యామ్‌వి వేరు, డీడీఆర్5 రకానివి వేరు. ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎండీ సాకెట్ ఏఎం5 అయితే డీడీఆర్5 ఒక్కటే. గాడి స్థానం వేరు కాబట్టి పాత ర్యామ్ అందులో దిగనే దిగదు.

పేరు చివరి అక్షరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 12400కీ 12400ఎఫ్‌కీ తేడా లోపలి గ్రాఫిక్స్. ఎఫ్ ఉంటే లేదని. రైజెన్ 5 5600లో లేదు, 5600జీలో ఉంది. గ్రాఫిక్ కార్డు లేని ఇంట్లో 5600 పెట్టి, స్క్రీన్ నల్లగా ఉందని బోర్డుని తిట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. అలాగని కార్డు ఉన్నవాళ్లు జీ కొనకండి, అందులో ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ, 16 ఎంబీ, 5600లో 32.

మార్చేటప్పుడు ఏఎం4తో జాగ్రత్త. పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండిన పేస్ట్ కూలర్‌నీ ప్రాసెసర్‌నీ అతికించేస్తుంది. కూలర్ పట్టుకుని నిలువుగా లాగితే లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ ఊడి పైకొస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు ఏదైనా బరువైన ప్రోగ్రాం ఓ పది నిమిషాలు నడిపి పేస్ట్ వెచ్చబడనివ్వండి. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ తీయండి. ఇంటెల్‌లో, ఏఎం5లో పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి. ఫోన్ టార్చి వేసి వాలుగా చూస్తే వంగినది వెంటనే దొరికిపోతుంది. సాకెట్ మీది ప్లాస్టిక్ మూత పారేయొద్దు, వారంటీకి పంపేటప్పుడు అది లేకపోతే పేచీ పెడతారు.

ఇది రాసుకోండి. ఏఎండీలో ప్రాసెసర్ మార్చగానే మొదటిసారి నల్లటి స్క్రీన్ మీద ఎఫ్‌టీపీఎం, అంటే తాళం చెవులు దాచే చోటు, రీసెట్ చేయాలా, వై ఆర్ ఎన్ అని అడగొచ్చు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉండి మీరు వై నొక్కారంటే, 48 అంకెల రికవరీ కీ ఇస్తే గానీ డిస్క్ తెరుచుకోదు. బిట్‌లాకర్ నేనెప్పుడూ పెట్టలేదంటారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ 11 కొత్తగా వేసుకుంటే చాలాసార్లు అదే పెట్టేసుకుంటుంది. స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే అది ఆన్‌లో ఉందేమో సెట్టింగ్స్‌లో చూసి, ఉంటే ఆ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. అదే కంప్యూటర్‌లో దాచుకోవడం మాత్రం వద్దు.

లేచాక వేగంగా లేదనిపిస్తే కంగారుపడకండి. బయోస్ అప్‌డేట్‌తో సెట్టింగులన్నీ మొదటికొస్తాయి, 3200 ర్యామ్ 2133 దగ్గరే నడుస్తూ ఉండొచ్చు. ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ బయోస్‌లో మళ్లీ ఆన్ చేయండి. ఏఎం5 అయితే మొదటిసారి ర్యామ్‌ని సరిచూసుకోవడానికే కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగా ఉంచుతుంది. ఈలోగా ఆఫ్ చేయకండి, వెళ్లి కాఫీ కలుపుకోండి.

కంపెనీ డెస్క్‌టాప్‌లు, అంటే ఆఫీసులు అమ్మేసినవి ఉన్నవాళ్లు ఆశ కాస్త తగ్గించుకోవాలి. వాటి బయోస్ కంపెనీ తలుచుకున్న ప్రాసెసర్లకే లేస్తుంది, కరెంటు సప్లై ఇచ్చే పెట్టె, అదే ఎస్ఎంపీఎస్, కనెక్టర్లు కూడా కొన్నిటికి వాళ్ల సొంతం. అలాంటివాటికి ర్యామ్ పెంచి ఎస్ఎస్‌డీ వేయిస్తే చాలు. ఆ మాటకొస్తే, ఇంకా హార్డ్ డిస్క్ మీద విండోస్ నడుపుతున్నవాళ్లెవరైనా ఉంటే ప్రాసెసర్ సంగతి తర్వాత చూద్దురుగాని.

నా దగ్గరున్నది ఇంతే. బోర్డు పేరు తెలిసినవాళ్లు ముందు అడగండి, తెలియనివాళ్లు ఈలోపు ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి.