బెర్లిన్ కబేళాలో మైక్రోస్కోప్

(తెర మీద: చెక్క బల్ల, మైక్రోస్కోప్, రెండు గాజు పలకల మధ్య నొక్కిన మాంసం తునక)

ఇది పంది మాంసం. బియ్యపు గింజంత ముక్క. 1900ల మొదట్లో బెర్లిన్‌లో ఇది మైక్రోస్కోప్ పరీక్షలో పాసైతేనే ఆ పంది మాంసం బజారుకొచ్చేది.

ఎందుకంత పట్టుదల? 1865లో హెడర్స్‌లెబెన్ అనే జర్మన్ ఊళ్లో పంది మాంసం తిని 300 మందికి పైగా మంచం పట్టారు. వంద మంది దాకా పోయారు. చంపింది ట్రైకినెల్లా అనే పురుగు. కండలో చుట్ట చుట్టుకుని ఉంటుంది, కంటికి ఆనదు. మాంసం మాత్రం నవనవలాడుతూనే ఉంటుంది.

బాగా ఉడికిస్తే చస్తుంది కదా అంటారా? నిజమే, మనం ముక్క మెత్తబడందే పొయ్యి దించం. అక్కడ పచ్చి పంది ఖీమాని రొట్టె మీద రాసుకుని, ఉల్లిపాయ చల్లుకుని తింటారు. ఇప్పటికీ! మానండంటే వినేదెవరు?

అందుకని కోసే చోటు మీద పడ్డారు. డాక్టర్ రుడాల్ఫ్ విర్కోవ్ బెర్లిన్ నగర కౌన్సిల్ సభ్యుడు కూడా. ఈ పరీక్ష కోసం గట్టిగా వాదించాడు. కానీ కోత వందల పెరళ్లలో జరుగుతుంటే ఇన్‌స్పెక్టర్ ఎన్నిచోట్లకని తిరుగుతాడు? ఊరు సొంత కబేళా కట్టుకుంటే ప్రైవేటు కోతని ఆపే వీలు ప్రష్యా (బెర్లిన్ ఉన్న జర్మన్ రాజ్యం) 1868 చట్టం ఇచ్చింది. 1881లో బెర్లిన్ పెద్ద కబేళా తెరిచింది.

(తెర మీద: వరసగా మైక్రోస్కోపులు)

జర్మనీ అంతటికీ చట్టం 1900లో వచ్చింది, 1903 నుంచి అమలు. పశువుని కోతకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడాలి. క్షయ ఉందేమోనని ఊపిరితిత్తులు, గ్రంథులు కోసి చూసేవారు. పురుగు పరీక్ష బల్లల దగ్గర ఆడవాళ్లూ పనిచేశారు.

నాకు బాగా నచ్చింది మాత్రం 'ఫ్రైబాంక్'. మాంసం మంచిదా చెడ్డదా అని రెండే ముక్కల్లో తేల్చలేదు వాళ్లు. మధ్యరకం ఒకటి ఉంటుంది: తింటే ప్రమాదం లేదు గానీ నాణ్యత తక్కువ, లేదా ఉడికించి ఇస్తే పనికొచ్చేది. దాన్ని పారేస్తే రైతుకి నష్టం. మామూలు కొట్లో కలిపితే కొనేవాడికి మోసం. అందుకే వేరే కొట్టు పెట్టి, ఇది రెండో రకమని చెప్పి మరీ చవగ్గా అమ్మారు. పేదవాళ్లు క్యూ కట్టేవారు.

హోటళ్లవాళ్లు మాత్రం అనుమతి లేకుండా ఆ మాంసం వాడటానికి వీలుండేది కాదు. ప్లేటులోకి వచ్చాక ఏ కొట్టుదో ఎవరికి తెలుస్తుంది?