మీ పెద్ద కాగ్‌కి ఎన్ని పళ్లు?

అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారు నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు, అందులో రెండు నిజమే. నాకిచ్చిన అంశం "రోడ్ బైక్‌కి గేర్ నిష్పత్తుల ఎంపిక". పట్టికలు, గ్రాఫులు అన్నీ తెచ్చాను. అవి చూపించే ముందు ఒక ప్రశ్న.

మీ బైక్ ఎంతకు కొన్నారో మీకు తెలుసు. బరువైతే గ్రాములతో సహా చెప్తారు. వెనక చక్రానికి ఉండే పళ్లచక్రాల గుత్తిని క్యాసెట్ అంటారు, అందులో ఒక్కో పళ్లచక్రం ఒక కాగ్. ఆ క్యాసెట్‌లో అన్నిటికంటే పెద్ద కాగ్‌కి ఎన్ని పళ్లో తెలిసినవాళ్లు చేతులెత్తండి. అంతేనా? చివరి వరుసలో బాబూ, నువ్వు సగమే ఎత్తావు, అనుమానమా?

నా బాధంతా ఇదేనండీ. ఎక్కుడులో మనల్ని పైకి చేర్చేది ఆ ఒక్క కాగ్. దాని లెక్క తప్ప మిగతావన్నీ మనకు తెలుసు.

లెక్క పెద్దదేం కాదు. ముందు చెయిన్‌రింగ్, అంటే పెడల్ దగ్గరి పళ్లచక్రం, దాని పళ్లను వెనక కాగ్ పళ్లతో భాగించండి. ముందు 50, వెనక 25 ఉంటే 2 వస్తుంది. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. 700 సైజు చక్రం చుట్టుకొలత, టైరును బట్టి కొంచెం అటూ ఇటూగా, 2.1 మీటర్లు. అంటే పెడల్ చుట్టుకి 4.2 మీటర్లు. ఈ భాగహారం వస్తే చాలు, యాప్ అక్కర్లేదు.

నాతో కలిసి తొక్కే స్నేహితుడు ఒకాయన ఉండేవాడు. కొత్త బైక్ కొనడానికి వెళ్తే, అమ్మే మనిషి ఆయన్ని పైకీ కిందికీ చూసి, "కాంపాక్ట్ మీకెందుకు సార్, అది చేతకానివాళ్లకి" అన్నాడట. కాంపాక్ట్ అంటే ముందు 50, 34 పళ్ల చిన్న రింగుల సెట్టు. అంతే, ముందు 53/39, అంటే 53, 39 పళ్ల రెండు రింగులు, వెనక 12-25, అంటే 12 నుంచి 25 పళ్ల దాకా కాగ్‌లు, తీసుకొచ్చేశాడు. చదును రోడ్డు మీద వారం రోజులు రాజాలాగా తిరిగాడు. తర్వాత ఎక్కుడు వచ్చింది. నేను వెనకే ఉన్నాను, కళ్లారా చూశాను. రోడ్డుకి ఈ అంచు నుంచి ఆ అంచుకి పాములా మెలికలు తిరుగుతున్నాడు. పెడల్ పైకి వచ్చినప్పుడల్లా బండి ఒక్క క్షణం ఆగిపోతోంది. హ్యాండిల్‌ని రెండు చేతులతో లాగుతుంటే బార్ టేప్ వదులై ఊడొస్తోంది. బొటనవేలు మాత్రం ఇంకో గేర్ ఉందేమోనని లివర్‌ని నొక్కుతూనే ఉంది. లేదు. 25తో సరి.

కొన్నాళ్లకి మోకాలి నొప్పి, ఇంకొన్నాళ్లకి బైక్ గోడకి ఆనించడం. ఆయనకి ఓపిక లేదన్నారు అందరూ. ఓపిక కాదు, వెనక 34 ఉండాల్సిన చోట 25 ఉంది, తొమ్మిది పళ్లు తక్కువయ్యాయి!

కోపంతో అంటున్నానని అనుకోకండి, లెక్క చూడండి. మనిషి, బండి, నీళ్ల సీసాలు అన్నీ కలిపి 85 కిలోలు. 8 శాతం ఎక్కుడు. 39/25లో చుట్టుకి 3.3 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తిప్పాలంటే గంటకి దాదాపు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలి. దానికి 235 వాట్ల దాకా కావాలి. అదే ముందు 34, వెనక 34 ఉంటే చుట్టుకి 2.1 మీటర్లే. అవే 60 చుట్లకి గంటకి ఏడున్నర కిలోమీటర్లు, 150 వాట్లు. 150 వాట్లు మనలో చాలామందికి అందే మాట. ఆ 150తోనే 39/25 తొక్కితే? పెడల్ 40 చుట్లలోపుకి పడిపోతుంది, ఒక్కో తోపుకీ ఒకటిన్నర రెట్ల బలం పెట్టాలి. మోకాలు అడుగుతుంది మరి.

అటు పై గేర్ సంగతి. 50/11లో నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 51 కిలోమీటర్లు దాటుతుంది. చదునులో ఒంటరిగా ఆ వేగంతో వెళ్లేవాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉంటే లేచి నిలబడండి, చప్పట్లు కొడదాం. దిగుడులో అంటారా? వంగి కూర్చోండి, భూమే లాగుతుంది.

ఈ బడాయి ఇవాళ్టిది కాదు. ఫ్రాన్స్ దేశపు పెద్ద సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్‌ని 1903లో మొదలుపెట్టిన హెన్రీ డెగ్రాంజ్ సామాన్యుడు కాదు. 1893లో గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టినవాడు. అంత తొక్కినవాడే టూర్‌లో పోటీదారులని డిరైలర్, అంటే చెయిన్‌ని ఒక కాగ్ నుంచి ఇంకో కాగ్‌కి జరిపే గేర్ పరికరం, వాడనివ్వలేదు. గెలవాల్సింది కండబలం, యంత్రం కాదట! వెనక చక్రానికి రెండు వైపులా రెండు కాగ్‌లు ఉండేవి. ఎక్కుడు రాగానే బండి దిగడం, నట్లు విప్పడం, చక్రం తిప్పి బిగించడం, మళ్లీ ఎక్కడం. ఆల్ప్స్ కొండల్లో, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో! అదే దేశంలో వెలోసియో అనే కలం పేరుతో రాసే పాల్ ద వివీ, ఒకటికి నాలుగు గేర్లుంటే మామూలు మనుషులు కూడా కొండలెక్కుతారని మొత్తుకుంటూనే ఉన్నాడు. టూర్ పగ్గాలు డెగ్రాంజ్ చేతిలోంచి జారాకే, 1937లో డిరైలర్‌కి అనుమతి వచ్చింది. ఆ ఏడు గెలిచిన రోజె లపెబీ డిరైలర్‌తోనే గెలిచాడు. ఆ "చేతకానివాళ్లకి" అన్న అమ్మకందారు ఉన్నాడే, డెగ్రాంజ్‌కి మనవడి వరస.

అధ్యక్షుల వారు గడియారం చూపిస్తున్నారు. పట్టికలు వదిలేస్తున్నాను.

ముందు వరుసలో అమ్మా, మీరడిగింది న్యాయమైన ప్రశ్న. పెద్ద క్యాసెట్ పెడితే గేర్ల మధ్య దూరం పెరగదా? పెరుగుతుంది. 11 స్పీడ్, అంటే వెనక 11 కాగ్‌లున్న, 11-28 క్యాసెట్‌లో కింద 11, 12, 13, 14, 15 వరసగా ఉంటాయి. 11-34లో 11, 13, 15, 17. గుంపులో ఒకే వేగంతో పోతున్నప్పుడు 15 నుంచి 13కి మారితే 90 చుట్లు కాస్తా 78 అవుతాయి, కాళ్లకి చిరాకే. ఎప్పుడూ చదునులోనే, గుంపులోనే తొక్కుతారా? హాయిగా 11-28 ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. 12 స్పీడ్ వచ్చాక ఈ బాధా సగం తగ్గింది. షిమానో కంపెనీ 2021లో తెచ్చిన డ్యూరా ఏస్ గేర్ సెట్టులో ముందు 54/40 దొరుకుతుంది, వెనక 11-34 కూడా దొరుకుతుంది. రేసర్ల కోసం చేసిన సెట్టు అది! వాళ్లకి లేని సిగ్గు మనకెందుకు?

కొనే ముందు ఒక జాగ్రత్త. వెనక డిరైలర్ ఎంత పెద్ద కాగ్‌ని ఒప్పుకుంటుందో చూడండి. దాని మొత్తం సామర్థ్యమూ చూడండి: ముందు రెండు రింగుల తేడా, వెనక పెద్ద చిన్న కాగ్‌ల తేడా, రెండూ కలపాలి. 50/34కి 11-34 పెడితే 16, 23 కలిపి 39. పొట్టి కేజ్ డిరైలర్లు, అంటే చెయిన్ వదులును లాగిపెట్టే చెయ్యి పొట్టిగా ఉన్నవి, చాలావరకు అంత మోయలేవు. పాత చెయిన్ కూడా పొట్టిదవుతుంది. పెద్ద రింగులో, పెద్ద కాగ్‌లో ఒకేసారి వేస్తే బిగుసుకుని డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క, హ్యాంగర్, విరగొచ్చు. కొత్త చెయిన్‌కి కక్కుర్తి పడకండి.

ఎంత కాగ్ కావాలో తేల్చుకోవడం ఎలా అంటే, మీరు తరచూ ఎక్కే అన్నిటికన్నా నిటారు రోడ్డు తీసుకోండి. పొద్దున్నే ఫ్రెష్‌గా ఉన్నప్పుడు కాదు, తిరుగు ప్రయాణంలో, కాళ్లు పీక్కుపోతున్నప్పుడు. ఆఖరి గేర్‌లో కూర్చునే నిమిషానికి 70 చుట్లు తిరుగుతున్నాయా? సరిపోయింది. 60కి దిగువకు పోతున్నాయా? వెనక ఇంకా పెద్దది పెట్టండి, లేదా ముందు చిన్నది పెట్టండి.

బైకులన్నీ బయట స్టాండ్‌లోనే ఉన్నాయి కదా. ఇప్పుడే వెళ్లి లెక్కపెట్టండి. చాలా కాగ్‌ల మీద అంకె చెక్కే ఉంటుంది, గ్రీజు తుడిస్తే కనిపిస్తుంది. తుడవడానికి గుడ్డ నా సంచిలో ఉంది.